గ్రాఫ్ గీసే కాలిక్యులేటరూ, టీచర్లకు పాఠం చెప్పిన టీచర్లూ

ఇంటర్ ఫస్టియర్‌లో లెక్కలు చదివినవాళ్ళకి ఇది గుర్తుండే ఉంటుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల పొడవు ఉన్న రేకు. నాలుగు మూలల్లోనూ x భుజంతో చతురస్రాలు కత్తిరించి, అంచులు పైకి మడిస్తే మూతలేని పెట్టె వస్తుంది. ఆ పెట్టెలో ఎక్కువలో ఎక్కువ పట్టాలంటే x ఎంతుండాలి? అవకలనం చేస్తాం, సున్నాకి సమానం చేస్తాం, 30, 20/3 అని రెండు విలువలొస్తాయి. 30ని కొట్టేస్తాం. ఎందుకు కొట్టేశావని అడిగితే మాత్రం చాలామందిమి నసుగుతాం.

ఇలాంటి లెక్కల్ని అవకలనం ఇంకా నేర్చుకోని పిల్లల చేతే చేయించొచ్చని 1980లలో అమెరికాలో ఇద్దరు ప్రొఫెసర్లు నమ్మారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో లెక్కలు చెప్పే ఫ్రాంక్ డెమానా, బెర్ట్ వెయిట్స్. కాలేజీలో చేరే పిల్లల్లో చాలామందికి హైస్కూలు ఆల్జీబ్రాని మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సి రావడం వాళ్ళని బాధించిన విషయం. తప్పు పిల్లల్లో కాదు, లెక్కని కంటికి చూపించకపోవడంలో ఉందని వాళ్ళ అభిప్రాయం.

గ్రాఫ్ చూపించడం కొత్త సంగతేం కాదు. కానీ చేత్తో ఒక వక్రరేఖ గీసేసరికే పీరియడ్ అయిపోతుంది. కంప్యూటరైతే చిటికెలో గీస్తుంది, కాకపోతే అది ల్యాబ్‌లో ఉంటుంది. దాని వంతు క్లాసుకి ఎప్పుడొస్తుందో తెలీదు. 1985లో కాసియో కంపెనీ ఎఫ్‌ఎక్స్-7000జి అనే కాలిక్యులేటర్ తెచ్చింది. గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ మార్కెట్లోకి రావడం అదే మొదలు. జేబులో పట్టే ఆ వస్తువుని వీళ్ళిద్దరూ చిన్న కంప్యూటర్‌గానే చూశారు. ప్రతి పిల్లవాడి బల్ల మీదా ఒకటి పెట్టొచ్చు కదా!

మరి దాంతో పాఠం చెప్పడం ఎవరికొచ్చు? అసలు చిక్కు అక్కడుంది. 1980లోనే అమెరికా లెక్కల టీచర్ల జాతీయ మండలి ఎన్‌సీటీఎం, కాలిక్యులేటర్లనీ కంప్యూటర్లనీ అన్ని తరగతుల్లోనూ పూర్తిగా వాడుకోవాలని సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీదుంది, టీచరేమో తను చదువుకున్న పద్ధతిలోనే చెబుతున్నాడు. అందుకని వెయిట్స్, డెమానా వేసవి సెలవుల్లో టీచర్లకి శిక్షణ శిబిరాలు మొదలుపెట్టారు. అక్కడ నేర్చుకున్న హైస్కూలు టీచర్లు తిరిగి వేరే టీచర్లకి నేర్పేవాళ్ళు. అలా పెరిగిన బృందమే 'టీచర్స్ టీచింగ్ విత్ టెక్నాలజీ', పొట్టిగా 'టీ క్యూబ్'. రేపు పొద్దున క్లాసులో పిల్లల్ని ఎదుర్కోవాల్సిన మనిషే వచ్చి చెబితే ఎదుటి టీచర్ వింటాడు. దాని బలమంతా అదే.

వాళ్ళు చెప్పిన పద్ధతి తేలికే. చేత్తో సాధించినదాన్ని గ్రాఫ్‌తో సరిచూడు. గ్రాఫ్‌లో కనబడినదాన్ని చేత్తో రుజువు చెయ్యి. చేత్తో కానిచోట గ్రాఫ్‌నే నమ్ముకో. అయితే నమ్మడానికీ తెలివి కావాలి. మన పెట్టె లెక్కనే మెషిన్‌కి ఇచ్చి, రెండు అక్షాల మీదా -10 నుంచి 10 వరకే చూడమంటే, తెర మీద దాదాపు నిలువు గీత ఒకటి తప్ప ఏమీ ఉండదు. ఘనపరిమాణం ఏడు వేలు దాటుతుంది మరి! తెర ఎంతవరకు చూపించాలో మనిషే ఆలోచించి చెప్పాలి. హద్దులు సరిచేస్తే వక్రరేఖ పైకి లేచి, 15 దగ్గర సున్నాకి దిగి, కిందకి పోయి, 30 దగ్గర వెనక్కి తిరిగి, 40 తర్వాత మళ్ళీ సున్నాకి పైకి లేస్తుంది. ఇందులో పెట్టె ఏ ముక్క? 0కీ 15కీ మధ్యది మాత్రమే. 30 సెంటీమీటర్ల వెడల్పులో రెండువైపులా 15 చొప్పున కోస్తే ఇంకేం మిగల్దు. 30ని ఎందుకు కొట్టేస్తామో అప్పుడు పదో తరగతి పిల్లకి కూడా అర్థమవుతుంది.

1990లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీచర్ల సలహాలు తీసుకుని టీఐ-81 విడుదల చేసింది. 1995 నుంచి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్ పరీక్షలో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరైంది. (దాన్ని అక్కడ ఏపీ అంటారు, మన రాష్ట్రం కాదు!) టీ క్యూబ్ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అండతో దేశాలు దాటింది. కంపెనీ డబ్బు లేకపోతే అన్ని వేలమంది టీచర్ల దాకా వెళ్ళేది కాదేమో. కానీ టీచర్‌కి శిక్షణ ఇచ్చేదీ, పిల్లవాడికి మెషిన్ అమ్మేదీ ఒకే కంపెనీ అయినప్పుడు, ఏది పాఠమో ఏది ప్రచారమో విడదీయడం కష్టం. టీఐ-84 ప్లస్ వచ్చింది 2004లో. ఫోన్లు ఎన్ని తరాలు మారినా ఆ వరస కాలిక్యులేటర్ల ధర ఇప్పటికీ వంద డాలర్ల చుట్టుపక్కలే ఉంది. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు జేఈఈలో కాలిక్యులేటర్ ముట్టుకోనివ్వని చదువు నుంచి వెళ్ళినవాళ్ళు. స్కూలు సామాన్ల లిస్టులో దాన్ని చూసి ముందు ఆశ్చర్యపోతారు, తర్వాత కొంటారు.

ఇప్పుడు ఆ మెషిన్ అవసరమే తగ్గిపోతోంది. జియోజీబ్రా, డెస్మోస్ ఫోన్‌లోనే ఉచితంగా గ్రాఫులు గీస్తాయి. డిజిటల్ సాట్ పరీక్షలోనైతే డెస్మోస్ తెర మీదే ఉంటుంది. మన పిల్లల ఫోన్లలోకీ అవి నిమిషంలో వస్తాయి.

వెయిట్స్ 2014లో చనిపోయారు. ఆయనా డెమానా మొదలుపెట్టిన పనిలో మెషిన్ భాగం పాతబడింది. ఒక టీచర్ సెలవుల్లో ఇంకో టీచర్ పక్కన కూర్చుని "ఇందులో పెట్టె ఏ ముక్కో పిల్లల్ని అడిగి చూడు" అని చెప్పే భాగం పాతబడలేదు. మన దగ్గర ట్యాబ్‌ల పంపిణీకి సభలు పెడతాం, ఫొటోలు దిగుతాం. ఆ సంభాషణకి కూడా ఒక వేసవి కేటాయిస్తే బావుండు.