నోట్రదామ్ ఆర్గన్ కథ

పద్యనాటకం చూసి పెరిగిన మీకు హార్మోనియం గురించి వేరే చెప్పనక్కరలేదు. దాని తొలిరూపానికి 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ పేటెంటు పొందాడు. అదే పారిస్‌లో, నోట్రదామ్ చర్చిలో, హార్మోనియానికి పెద్దన్న లాంటి వాద్యం ఒకటి ఉంది. అదే పైప్ ఆర్గన్. ఇందులోనూ గాలే ప్రాణం, మెట్లు నొక్కడమే వాయించడం. కాని గాలి గొట్టాల్లోకి పోతుంది. వాటిలో చాలావరకు మన పిల్లనగ్రోవిలాగే పలుకుతాయి. ఒకే తీరు నాదం గల గొట్టాల వరుసను స్టాపు అంటారు. నోట్రదామ్‌లో ఇప్పుడు 115 స్టాపులు, దాదాపు 8000 గొట్టాలు ఉన్నాయి.

దీన్ని ఫలానావారు కట్టారని ఒక్క పేరు చెప్పలేం. 1733లో ఫ్రాన్స్వా తియెరీ దాదాపు కొత్తగా కట్టాడు. 1780లలో క్లికో పెంచాడు. విప్లవం వచ్చి చర్చి ముఖద్వారం మీది రాజుల విగ్రహాల తలలు తెగిపడ్డాయి. ఆర్గన్ మాత్రం మిగిలింది.

అసలు పెద్ద మార్పు 1868లో జరిగింది. కవాయే-కోల్ అనే మహా శిల్పి దాన్ని 86 స్టాపులతో, ఐదు వరుసల మెట్లతో తిరిగి కట్టాడు. ఇంత పెద్ద వాద్యంలో మెట్టు నొక్కడమంటే వేలికి శిక్షే. అందుకని గాలి ఒత్తిడే సాయపడేటట్టు ఒక యంత్రం అమర్చాడు. నాదమంతా మార్చాడు గాని, పాత గొట్టాలను పారేయలేదు. మంచివి ఏరి, తన వాటితో కలిపి శ్రుతి చేశాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగేది ఇక్కడే.

1900 నుంచి ఇక్కడ వాయించిన లూయీ వియెర్న్‌కు చూపు చాలా తక్కువ. 1937 జూన్ 2న కచేరీ చేస్తూ, ఆ మెట్ల ముందే కన్నుమూశాడు.

తరువాత 1955లో వచ్చిన పియెర్ కోషెరో గొప్ప వాద్యకారుడే. ఆయన హయాంలో, 1960లలో, కవాయే-కోల్ అమర్చిన యంత్రం పోయి కరెంటు వచ్చింది. కొత్త స్టాపులతో నాదం పదునెక్కింది. అది బాగుపడటమా, పాడవటమా? రసికులు నేటికీ వాదించుకుంటారు. 1992లో ముగిసిన మరమ్మతుల్లో నాదాన్ని మళ్ళీ కవాయే-కోల్ దారికి కొంత మళ్ళించారు. చిత్రంగా, అప్పుడే కంప్యూటరునూ చేర్చారు!

2019 ఏప్రిల్ 15 రాత్రి చర్చి కప్పు మండిపోయింది, శిఖరం కూలింది. ఆర్గన్ కాలలేదు. నీళ్ళూ పెద్దగా తగలలేదు. కాని కప్పు మీది సీసం కరిగి, విషపు ధూళిగా లోపలంతా పేరుకుంది. 2020లో గొట్టాలను విప్పి, ఊళ్ళ కార్ఖానాలకు పంపి కడిగించారు. మళ్ళీ బిగించాక శ్రుతి చేయాలి కదా? పగలు రాళ్ళపని, వడ్రంగంపని చప్పుడు. అందుకని శ్రుతికారులు రాత్రిపూట కూర్చుని, ఒక్కొక్క గొట్టాన్నే చెవితో విని సరిదిద్దారు. దానికే నెలలు పట్టింది.

2024 డిసెంబరు 7న చర్చి తలుపులు తెరుచుకున్నాయి. ఆర్చిబిషప్పు ఆర్గన్ వైపు తిరిగి ‘మేలుకో’ అంటూ ఎనిమిదిసార్లు పిలిచాడు. పిలిచిన ప్రతిసారీ అది వేరే నాదంతో బదులు పలికింది. ఆ పలికిన గొట్టాల్లో తియెరీ, క్లికో కాలం నాటివీ ఉన్నాయి.