గుడిసె కింది నేల

బార్డోలీ పేరు తెలుగువాళ్లకు కొత్తది కాదు. 1922లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్ను కట్టేది లేదని భీష్మించుకున్నప్పుడు వాళ్ల చూపంతా సూరత్ జిల్లాలోని ఆ తాలూకా వైపే ఉంది. చౌరీచౌరా తర్వాత గాంధీ అక్కడ శాసనోల్లంఘన ఆపేశాడు, ఇక్కడా ఆగిపోయింది. ఆరేళ్లకు, 1928లో, భూమిశిస్తు దాదాపు 22 శాతం పెంచితే బార్డోలీ రైతులు వల్లభ్‌భాయ్ పటేల్ వెనక నిలబడి ప్రభుత్వాన్ని వంచారు. విచారణ జరిగి పెంపు ఆరు శాతానికి దిగింది. ఇదంతా మన పాఠ్యపుస్తకాల్లో ఉంది.

అదే తాలూకాలో శిస్తు బాధే లేని జనం ఉండేవాళ్లు. శిస్తు కట్టడానికి వాళ్లకు సెంటు భూమి కూడా లేదు. వాళ్లను దుబ్లాలు అనేవారు. దుబ్లా అంటే బక్కవాడు, సత్తువ లేనివాడు. మన 'దుర్బల' అన్న మాటకు అది చుట్టమే. ఒక కులానికి కులమే ఆ పేరు మోస్తూ పుట్టి, ఆ పేరుతోనే పోయేది. వాళ్ల తల మీది కప్పు ఎవరిది, కాళ్ల కింది నేల ఎవరిది అన్న ప్రశ్న చట్టంలోకి ఎక్కడానికి ఎన్నేళ్లు పట్టిందో, ఎన్ని మెలికలు తిరిగిందో చెప్పడమే ఈ కథ.

మొదలు పెళ్లితో. దుబ్లా కుర్రాడికి పెళ్లీడు వస్తే ఖర్చుకు డబ్బు ఉండదు. భూమి ఉన్న అనావిల్ బ్రాహ్మణుడో పాటీదారో అప్పిస్తాడు. ఆ రోజు నుంచి కుర్రాడు అతనికి 'హాలీ', అంటే నాగలి పట్టేవాడు. యజమాని 'ధణియామో'. పెళ్లికూతురు కూడా ఆ అప్పుతో పాటే ధణియామో ఇంటికి చేరుతుంది. కొట్టం ఊడ్వాలి, పేడ ఎత్తాలి, నీళ్లు మొయ్యాలి. రోజూ ఇంత గింజ కొలిచి ఇస్తారు. జబ్బు చేసినా పండగ వచ్చినా మళ్లీ చెయ్యి చాపాలి, ఖాతాలో అంకె పెరుగుతుంది. మన దగ్గర పెద్ద రైతు ఇంట్లో జీతానికి కుదిరిన పాలేరు బతుకు చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. తెలంగాణలో దీన్నే భాగేలా అన్నారు. 1936లో నిజాం ప్రభుత్వం దాని మీద ఒక నిబంధన కూడా తెచ్చింది. అప్పు, చాకిరీ, ఒప్పందం, వీటి మీదే దాని చూపు.

అప్పు ఒక్కటే సంకెల అనుకుంటే హాలీ బతుకు సగమే అర్థమవుతుంది. రెండో సంకెల గుడిసె. అది నిలబడ్డ జాగా ధణియామోది. వెదురు, కప్పుకు వేసే గడ్డి చాలాచోట్ల అతను ఇచ్చినవే. పని మానేస్తే ఆ సాయంత్రమే పెళ్లాం బిడ్డలతో బయట నిలబడాలి, అదీ పక్క రైతు కూడా రానివ్వని ఊళ్లో. కొడితే పడాలి. ఇంట్లో ఆడమనిషి ఒంటి మీద చెయ్యి పడినా నోరు మెదపకూడదు. ఫిర్యాదు చేసి తిరిగి వెళ్లాల్సింది ఆ యజమాని గట్టు మీది గుడిసెకే కదా. అప్పును కాగితం మీద కొట్టేయవచ్చు. గుడిసెను మాత్రం ఎత్తి ఇంకోచోట పెట్టలేరు. ఈ సంగతి పెద్దమనుషులకు చాలా ఆలస్యంగా తట్టింది. తట్టడానికి అంత కాలం పట్టడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

1938 ఫిబ్రవరిలో బార్డోలీ తాలూకాలోనే, తాపీ ఒడ్డున హరిపురాలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్. ఆ రోజుల్లోనే ఇందులాల్ యాజ్ఞిక్ కిసాన్ సభ వాళ్లు హాలీల మాట గట్టిగా ఎత్తారు. ఇక ఊరుకుంటే కుదరదని పటేల్ రైతులను కూర్చోబెట్టి మాట్లాడాడు. 1939 జనవరిలో హాలీలను విడుదల చేస్తున్నట్టు ఒప్పందం కుదిరింది. గాంధీ కూడా ఆ నెలలో బార్డోలీలోనే ఉన్నాడు. పేరు కూడా మారింది. దుబ్లా పోయి 'హళపతి', హలానికి పతి, వచ్చింది. మంచి పేరే. కానీ ఆ హలం గానీ అది దున్నే నేల గానీ ఆ పతివి కావు. ఒప్పందం నిలవలేదు, రైతులు పాత దారికే మళ్లారు. ఒప్పందంలో ఉన్నవి అప్పూ కూలీ. గుడిసె ఎక్కడిదక్కడే ఉంది.

1946లో హళపతి సేవా సంఘ్ ఏర్పడింది. వేడ్ఛీ ఆశ్రమంలో ఆదివాసుల మధ్య జీవితం గడిపిన జుగత్‌రామ్ దవే దాని వెనక ఉన్నాడు. బడులు, వసతిగృహాలు పెట్టారు.

అసలు మలుపు 1948లో రావాల్సింది. బార్డోలీకీ వర్తించే బొంబాయి కౌలుదారీ చట్టం ఆ ఏడాది వచ్చింది. గ్రామంలో భూస్వామి జాగాలో ఇల్లు కట్టుకున్న కౌలుదారును ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదని అందులో ఉంది. జాగా అమ్మితే కొనే మొదటి హక్కు అతనిదే. ఇంకొక్క సెక్షన్‌తో ఆ రక్షణను వ్యవసాయ కూలీలకూ చేతిపనుల వాళ్లకూ చాచారు. చదువుతుంటే, ఇంత ముందుగా ఇంత మంచి ఆలోచన చేశారా అనిపిస్తుంది. కానీ చట్టం చూసింది కౌలుదారు కళ్లతో. అది వేసిన ప్రశ్న, ఈ ఇల్లు ఎవరి ఖర్చుతో కట్టింది అని. కౌలుదారుకు ఆ ప్రశ్న అనుకూలమే. హాలీ దగ్గరికి వచ్చేసరికి అదే అడ్డం తిరుగుతుంది. వెదురు ధణియామోది, గడ్డి ధణియామోది, కట్టిన చేతులు మాత్రమే హాలీవి. చేతుల ఖరీదు ఖాతాలో ఎక్కడా రాసి ఉండదు. పైగా ఈ హక్కు కావాలంటే మామ్లతదారు అనే తాలూకా అధికారి కచేరీ మెట్లెక్కి యజమాని ఎదుట నిలబడి మాట్లాడాలి. అలా మాట్లాడగలిగిన మనిషి హాలీ అయ్యేవాడే కాదు.

1960ల మొదట్లో డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రేమన్ దక్షిణ గుజరాత్ పల్లెలకు వచ్చాడు. పాత హాలీ కట్టుబాటు అప్పటికే చాలావరకు సడలిపోయిందని చూశాడు. యజమానులకు ఇంటిల్లిపాదినీ ఏడాది పొడుగునా పోషించడం కంటే రోజుకూలీ తేలిక అనిపించింది. దయ పోయింది, దారిద్ర్యం మిగిలింది. జాగా మాత్రం ఇంకా పెద్ద రైతుదే.

ఈలోగా కేరళ ఒక అడుగు ముందుకు వేసింది. 1969లో భూసంస్కరణల చట్టాన్ని సవరించి, 1970 జనవరి 1 నుంచి, ఇతరుల భూమిలో గుడిసె వేసుకున్న 'కుడికిడప్పుకారుల'కు పంచాయతీ ప్రాంతాల్లో 10 సెంట్ల వరకు కొనుక్కునే హక్కు ఇచ్చింది. పది సెంట్లంటే ఎంతో మన పల్లెల్లో ఎవరినైనా అడగండి. ఇల్లూ, కొబ్బరిచెట్టూ, కోళ్లగూడూ, కూతురి పెళ్లికి పందిరి వేసుకునేంత చోటూ.

తర్వాత 1975. అత్యవసర పరిస్థితి రోజులు. జూలై 1న ప్రకటించిన ఇరవై సూత్రాల్లో వెట్టి రద్దు ఉంది, భూమిలేని వాళ్లకు ఇళ్ల స్థలాలూ ఉన్నాయి. ఆ కాలం చేసిన చెడు నాకు గుర్తుంది. అయినా అప్పుడు రాసిన ఒక చిన్న సెక్షన్‌ను నేను తేలిగ్గా తీసిపారేయలేను. ముందు ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా వచ్చి, 1975 అక్టోబరు 25 నుంచే అమలైన వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టంలో అది ఎనిమిదో సెక్షన్. వెట్టి నుంచి విడుదలైన మనిషి, ఆ వెట్టికి ప్రతిఫలంలో భాగంగా ఏ ఇంట్లో, ఏ నివేశన స్థలంలో ఉంటున్నాడో అక్కడినుంచి అతన్ని వెళ్లగొట్టకూడదు. వెళ్లగొడితే కార్యనిర్వాహక మేజిస్ట్రేటు వీలైనంత త్వరగా తిరిగి ప్రవేశపెట్టాలి.

చూడండి, ప్రశ్న మారిపోయింది. ఇల్లు ఎవరు కట్టారని ఇది అడగలేదు. ఎందుకోసం ఉండనిచ్చారని అడిగింది. చాకిరీ కోసమే ఉండనిచ్చావా, అయితే చాకిరీ పోయినా ఇల్లు పోదు. హాలీకి వ్యతిరేకంగా పనిచేసిన సంగతే ఇప్పుడు అతని తరఫు సాక్ష్యమైంది. యజమాని ఇచ్చిన వెదురు యజమాని మీదే రుజువు. ఇంకో సెక్షన్‌లో, అప్పు వెట్టి అప్పు కాదని నిరూపించే భారం అప్పిచ్చినవాడి మీదే పెట్టారు. జిల్లాకూ సబ్ డివిజన్‌కూ నిఘా సంఘాలు ఉండాలన్నారు. బక్కవాడు మెట్లెక్కనక్కర్లేదు, మెట్లే దిగి రావాలన్నది అందులోని ఊహ. అదే 1976లో ఆంధ్రప్రదేశ్ కూడా నివేశన స్థలాల అనుభవదారులకు యాజమాన్యం కల్పించే చట్టం చేసింది. ఇతరుల భూమిలో ఇల్లు వేసుకున్న కూలీలకు ఆ చోటు వాళ్లదే కావాలన్నది దాని తలంపు.

బార్డోలీలో ఆ ఎనిమిదో సెక్షన్ ఆలస్యంగా వచ్చిన చుట్టం. హాలీలుగా నమోదు కాగలిగిన వాళ్లు అప్పటికే చాలామంది రోజుకూలీలైపోయారు. రోజుకూలీ గుడిసె వెట్టికి ప్రతిఫలమని చూపడం కష్టం. అందుకని వాళ్లకు చివరికి చేరింది ప్రభుత్వ ఇంటి పథకం. ఊరి అంచున, రోడ్డు పక్కన హళపతివాసాలు లేచాయి. అక్కడ ఇరుకు ఉంది, ఊరికి దూరం ఉంది. అయినా రాత్రి తలుపు మూసుకుంటే ఆ గడియ మనదే అనుకునే వీలు ఉంది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనలో ఇల్లు భార్య పేరనో ఇద్దరి పేరనో ఇవ్వాలని నియమం పెట్టారు. ధణియామో కొట్టంలో పేడ ఎత్తిన ఆడవాళ్ల మనవరాళ్లకు పట్టా మీద పేరు ఉండడం చిన్న విషయం కాదు.

బార్డోలీలో ఇప్పుడు చెరకు ముఖ్యం. సహకార చక్కెర కర్మాగారం పెద్దది. చెరకు నరకడానికి హళపతులను కాక, ఖాందేశ్ నుంచి, డాంగ్ కొండల నుంచి మనుషులను తెప్పించడం మొదలై దశాబ్దాలైంది. ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ, ముందే అడ్వాన్సు ఇస్తాడు, వానలు వెళ్లాక లారీల్లో తెస్తాడు. భార్యాభర్తల జంటను ఒక 'కొయ్తా' అని లెక్కపెడతారు, అంటే ఒక కొడవలి. బ్రేమన్ 1978లోనే వీళ్ల మీద రాశాడు. తడికెలో, ప్లాస్టిక్ పట్టో కర్రల మీద కప్పుకుని, పొలం పక్కనో రోడ్డు పక్కనో పిల్లలతో ఆరునెలలు ఉంటారు. వలస కార్మికులకు తగిన నివాసం చూపాలని 1979 చట్టం చెప్పింది. కానీ అది రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చినవాళ్లకే. ఖాందేశ్ మహారాష్ట్రలో ఉంది. డాంగ్ గుజరాత్‌లోనే ఉంది. ఒకే పొలంలో, ఒకే ప్లాస్టిక్ పట్టా కింద, పక్కపక్కన పడుకున్న రెండు జంటల్లో ఒకదాన్నే ఆ చట్టం చూసింది.