సంప్రదింపు వేరు, సమ్మతి వేరు: భారతదేశంలో వర్క్స్ కమిటీల చరిత్ర

యాజమాన్యం ఒక నిర్ణయం తీసుకొనే ముందు కార్మికుల అభిప్రాయాన్ని అడగడం సంప్రదింపు. అడిగినంత మాత్రాన కార్మికులు సమ్మతించినట్టేనా? పరిశ్రమలలో పరస్పర విశ్వాసం నిలవడానికి ఈ ప్రశ్న కీలకమైనది. భారతదేశంలో వర్క్స్ కమిటీల చరిత్రను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో జె.హెచ్. విట్లీ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, యజమానులూ కార్మికులూ కలిసి చర్చించే ఉమ్మడి మండళ్లను 1917లో సిఫారసు చేసింది. తరువాత భారతదేశానికి సంబంధించిన రాయల్ లేబర్ కమిషన్‌కు కూడా ఆయనే అధ్యక్షుడయ్యాడు. ఆ కమిషన్ 1931 నాటి నివేదికలో ఇక్కడ కూడా వర్క్స్ కమిటీలను ప్రోత్సహించింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 3వ సెక్షన్ ఈ ఆలోచనకు చట్టరూపం ఇచ్చింది. 100 లేదా అంతకుమించి కార్మికులున్న సంస్థలో కమిటీని ఏర్పాటు చేయవలసిందిగా ప్రభుత్వం ఆదేశించవచ్చు. అందులో కార్మిక ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల సంఖ్య కంటే తక్కువ కాకూడదు.

సంఖ్యలో సమానత్వం ఉన్నా అధికారంలో లేదు. సత్సంబంధాలను కాపాడడం, ఉమ్మడి విషయాలపై అభిప్రాయం చెప్పడం, భేదాభిప్రాయాలను సర్దుబాటు చేయడానికి ప్రయత్నించడం మాత్రమే కమిటీ విధులు.

ఈ పరిమితి నార్త్ బ్రూక్ జూట్ కంపెనీ కేసులో స్పష్టమైంది. పనిభారాన్ని పెంచే హేతుబద్ధీకరణ పథకానికి వర్క్స్ కమిటీలోని కార్మిక ప్రతినిధులు అంగీకరించారు. కార్మిక సంఘాలు మాత్రం వ్యతిరేకించాయి. వివాదం ట్రిబ్యునల్‌లో ఉండగానే కంపెనీ పథకాన్ని అమలులో పెట్టింది. అదనపు పని చేయడానికి కార్మికులు నిరాకరించారు. కమిటీ ప్రతినిధుల అంగీకారానికి కార్మికులు గానీ సంఘాలు గానీ కట్టుబడనవసరం లేదని, సంఘం స్థానాన్ని కమిటీ ఆక్రమించజాలదని సుప్రీంకోర్టు 1960లో తీర్పు చెప్పింది.

ఈ తీర్పు కమిటీలను నిర్వీర్యం చేసిందని వాదించవచ్చు. కానీ అది సంప్రదింపును ఒక ప్రమాదం నుంచి కాపాడింది కూడా. చర్చలో పలికిన ప్రతి మాటా తోటివారి మెడకు చుట్టుకొనేదైతే ఏ ప్రతినిధీ మనసు విప్పి మాట్లాడలేడు. మరోవైపు, చెప్పిన మాటకు ఏ విలువా లేకపోతే చర్చకు రావలసిన అవసరమే ఉండదు. ఈ రెండింటి నడుమ విశ్వాసాన్ని నిలిపేది యాజమాన్యపు ప్రవర్తనే. నిర్ణయానికి ముందే అడగాలి. సలహాను తోసిపుచ్చితే కారణం చెప్పాలి.

1976లో 42వ సవరణ ద్వారా చేరిన 43ఎ అధికరణం యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యాన్ని ఆదేశికసూత్రంగా ప్రకటించింది. అయితే ఆదేశికసూత్రాలను న్యాయస్థానాల ద్వారా అమలు చేయించుకోలేము. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా వర్క్స్ కమిటీని సలహా స్థాయిలోనే నిలిపింది. కార్మికుల మాట వినే వేదికను చట్టం కల్పించింది. విన్న మాటకు జవాబు చెప్పే బాధ్యతను మాత్రం యాజమాన్యం విచక్షణకే విడిచిపెట్టింది.