అమీర్‌పేటలో సాహిత్యపు మాదిరి పరీక్ష

మైత్రీవనము కూడలియందు నిలిచి తలయెత్తి చూచువారికి కనబడునవి కంప్యూటరు శిక్షణాలయముల ఫలకములే. 1990వ దశకమున ప్రోగ్రామర్లకు విదేశములందు గిరాకి పెరిగినపుడు ఈ పేటకు దక్కిన ఖ్యాతి అది. అయితే ఆ ఫలకముల వెనుకనే, పంజాగుట్ట వైపు సాగిన సందులలోని హాస్టళ్లలో, గ్రూప్సుకును డీఎస్సీకిని సివిల్సుకును చదువుకొను యువతీయువకులు గూడ చిరకాలముగా నివసించుచున్నారు. వారిలో తెలుగు సాహిత్యమును ఆప్షనలుగా గైకొన్నవారు అసలు పరీక్షకు ముందు వ్రాసెడి మాదిరి పరీక్షకు ఈ ఫలకములకంటె మిక్కిలి పాతదైన పూర్వచరిత్ర కలదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతో వెలసిన కాలమున, తెలుగును శ్రద్ధగా అభ్యసింపగోరిన నగరవాసులకు 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఆశ్రయమై యుండెను. 1943లో అవతరించిన ఆంధ్ర సారస్వత పరిషత్తు పరీక్షలనే భాషాసేవకు సాధనముగా గ్రహించి, బడిలో తెలుగు నోచుకొననివారి చేత సైతము కావ్యములు చదివించెను. కోస్తా జిల్లాలలో విద్వాన్, ఉభయభాషాప్రవీణ పరీక్షలు ఇట్టి కార్యమునే నిర్వహించినవి. ఆనాటి గురువు పద్యమును చదివించి, అన్వయము చెప్పించి, ప్రతిపదార్థము అడిగి, శిష్యుడు తడబడిన తావుననే ఆపి సవరించెడివాడు. అట్లు మాదిరి పరీక్ష నిత్యకృత్యమై, పాఠములోనే లీనమై యుండెను.

కొఠారీ సంఘము సిఫారసుల ననుసరించి 1979లో సివిల్ సర్వీసుల పరీక్ష క్రొత్త రూపు దాల్చినపుడు తెలుగున చదివిన గ్రామీణ యువకునకు ఆ ద్వారము చేరువైనది. 2013లో ఆప్షనల్ విషయములు రెండు నుండి ఒకటికి తగ్గగా, ఆ ఒక్కదానికే 500 మార్కులు నిలిచినవి. మాదిరి పరీక్షల వరుసలైన టెస్ట్ సిరీసులకు ఇంత ప్రాముఖ్యము ఏల కలిగెనో దీనిని బట్టియే ఊహింపవచ్చును.

ఈ ఆప్షనలునకు గల రెండు పత్రములలో ఒక్కొక్కదానికి మూడు గంటలు, 250 మార్కులు. ఎనిమిది ప్రశ్నలలో ఐదింటికి సమాధానములు వ్రాయవలెను, అందు మొదటిదియు ఐదవదియు తప్పనిసరి. నన్నయ దుష్యంత చరిత్రము, తిక్కన శ్రీకృష్ణ రాయబారము మొదలు శ్రీశ్రీ మహాప్రస్థానము, రాచకొండ విశ్వనాథశాస్త్రి అల్పజీవి వరకు గల రెండవ పత్రమున ఈ తప్పనిసరి ప్రశ్నలు మూలములోని భాగముల నిచ్చి వ్యాఖ్య వ్రాయుమని అడుగును. జెరాక్సు దుకాణములో కొన్న మెటీరియలును మాత్రమే నమ్ముకొన్నవాడు చిక్కుకొనునది ఇచ్చటనే. తిక్కన నాటకీయతను గూర్చి రెండు పుటలు ధారాళముగా వ్రాయగలవాడు, కన్నులయెదుట నున్న పద్యము ఎవరు ఎవరితో పలికినదో గుర్తింపలేక, రసపోషణము, పాత్రౌచిత్యము అను పదములను ఆధారము లేకయే పేర్చి ఊరకుండును. ఆ పద్యములోని ఏ పదము కోపమును దాచినది, ఏ క్రియ రాయబారి నేర్పును చూపినది యని ఒక్క వాక్యము వ్రాసిన, ఆ పొగడ్తలన్నిటికంటె విలువ హెచ్చుగా నుండును.

తక్కిన లోపములలో కాలము చాలకపోవుట ముఖ్యము. ఇంగ్లీషు మీడియములో చదివివచ్చిన విద్యార్థికి తెలుగు చేతివ్రాత వేగముగా సాగదు. చివరి సమాధానము మూడు పంక్తులతో ఆగిపోవును. దీనికి ప్రతిదినము చేతితో వ్రాయుటకంటె వేరు ఉపాయము లేదు. విమర్శింపుమన్న చోట కథాసంగ్రహము వ్రాయుట మఱియొకటి.

మాదిరి పరీక్షలను ఎన్ని వ్రాసితిమని లెక్కించుకొనుటను నేను అంగీకరింపజాలను. మార్కులు మాత్రము వేసి తిరిగియిచ్చిన పత్రము విద్యార్థికి తన స్థానమునే తెలుపును గాని తాను తప్పిన తావును తెలుపదు. తడబడిన చోటనే ఆపిన ఆ గురువు పనిని నేడు దిద్దినవారి వ్యాఖ్యయే చేయవలసియున్నది. ఆ వ్యాఖ్యను చేతబట్టి, మూలమును మరల బిగ్గరగా చదివి, అదే ప్రశ్నకు అదే కాలపరిమితిలో రెండవమారు వ్రాసి, రెండు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి చూచుకొనుటకు తరువాతి పరీక్షను ఒక వారము వాయిదా వేసికొన్నను నష్టము లేదు.