కరెంటు కోసం కాచుకున్న మగ్గాలు

పళ్లిపట్టులో మా ఇంటి ముందుగదిలో రెండు మరమగ్గాలుండేవి. అవి ఆడుతున్నంతసేపూ హాయిగా నిద్రపోయేవాళ్లం, ఆగితే మెలకువ వచ్చేది. 2012లో రోజూ మెలకువే. చెన్నైకి రెండు గంటల కోత, మాకు పన్నెండు గంటలు దాటిన రోజులున్నాయి. నేసిన లుంగీలకే కూలి గనక రాత్రి రెండింటికి కరెంటొచ్చినా నాయన లేచి కండెలు సర్దుకునేవాడు.

"కూడంకుళం వచ్చేస్తుంది పాపా, ఇంక కష్టముండదు" అనేవాడు. 1988లో రాజీవ్‌గాంధీ, గోర్బచేవ్ అక్కడి అణు విద్యుత్ కేంద్రానికి ఒప్పందం చేసుకున్నప్పటి నుంచీ ఆయనది అదే మాట. ఆ కరెంటు గ్రిడ్డుకెక్కింది 2013 అక్టోబరులో. పాతికేళ్లు!

అంతవరకూ మా మగ్గాలను ఆడించింది ముఖ్యంగా బొగ్గు. దానికి తోడు గాలి. 1986లో తూత్తుకుడి దగ్గర ముళ్లక్కాడులో గాలిమరలు నిలబెట్టారు, తర్వాత ముప్పందల్ కనుమ నిండా అవే. ఆ గాలి లెక్క మాకు పండగలతోనే తెలిసేది. ఆడికృత్తికకు జనం కావళ్లెత్తుకుని తిరుత్తణి కొండెక్కే రోజుల్లో కోతలు తగ్గేవి. దీపావళి సరుకు అందించాల్సిన వేళకు గాలి పడిపోయేది, కరెంటూ పోయేది. గాలిని నమ్ముకోవడంలో ఉన్న ఈ ఇబ్బంది నిజమైనదే. దాన్ని దాచి మాట్లాడితే నేతపనివాళ్లకు అన్యాయం చేసినట్టే.

అణు కరెంటు ఆలస్యం కూడంకుళంతో ఆగలేదు. 1960లో మా తాలూకాను చిత్తూరు జిల్లా నుంచి తీసి చెంగల్పట్టులో కలిపారు. కల్పాక్కం ఆ జిల్లాలోదే. అక్కడ 2004లో మొదలుపెట్టిన ఫాస్ట్ బ్రీడర్ అణు రియాక్టరులో కోర్ నింపడం 2024 మార్చిలోగానీ మొదలవలేదు. తెలిసిన విద్యకే ఇన్నేళ్లు పట్టింది.

కేంద్రక సంలీనం (ఫ్యూజన్) ఇంకా చేతికి చిక్కని విద్య. 1955లో జెనీవా అణుశక్తి సభకు అధ్యక్షత వహిస్తూ శాస్త్రవేత్త హోమీ భాభా, రెండు దశాబ్దాల్లో దాన్ని అదుపులోకి తెస్తారన్నాడు. 2022 డిసెంబరులో అమెరికా ప్రయోగశాలలో 2.05 మెగాజౌళ్ల లేజరు కాంతికి 3.15 మెగాజౌళ్లు పుట్టాయి. ఆ వార్త చదివి నా ఒళ్లు పులకరించింది. కానీ ఆ లేజర్లు గ్రిడ్డు నుంచి లాగింది సుమారు 300. మన దేశం కూడా భాగస్వామి అయిన ఐటర్ అనే అంతర్జాతీయ సంలీన ప్రాజెక్టులో అసలు ఇంధనంతో ప్రయోగాలు ఇప్పుడు 2039కి వాయిదా పడ్డాయి. గాంధీనగర్‌లో 1989 నుంచి 'ఆదిత్య' అనే సంలీన యంత్రం మీద పనిచేసినవాళ్ల శ్రమకు దండం పెడతాను. వాళ్ల పరిశోధన సాగాలి. వచ్చే పదేళ్లలో మగ్గం ఆడాలంటే మాత్రం పెట్టుబడి ఎండమీద, గాలిమీద, వాటిని రాత్రికి దాచే బ్యాటరీలమీద పెట్టాలి. 2039 నాటికి మా వీధిలో ఎన్ని మగ్గాలు మిగులుతాయో!

నాయన పోయాడు. తమ్ముడు మేడమీద సోలార్ పలకలు వేయించాడు. పొద్దుగూకితే మళ్లీ లైను కరెంటే. మొన్న తిరువళ్లూరు వెళ్లి బ్యాటరీ ధర కనుక్కొచ్చాడు. ఒక మగ్గానికి సరిపోయేది ముందు కొందామంటున్నాడు.