ప్రవాసి బ్యాంకు ఖాతాపై జీవిత భాగస్వామి హక్కు: పాలకుర్తి ప్రాంతం

విదేశంలో సంపాదిస్తున్న భర్త లేదా భార్య పేరున ఉన్న ఖాతాను రెండోవారు నడపడానికి, ఖాతాదారు పోయాక సొమ్ము తీసుకోవడానికి కాలక్రమంలో ఏర్పడిన హక్కుల చరిత్ర ఇది. ఒకప్పటి వరంగల్ జిల్లాలో భాగమై, 2016 అక్టోబరు 11న జనగామ జిల్లాలో చేరిన పాలకుర్తి వైపు ఈ సమస్యకు రెండు దిక్కులున్నాయి: గల్ఫ్, అమెరికా. అమెరికా బంధం ఎంత గట్టిదో 2023 శాసనసభ ఎన్నికల్లో తెలిసింది. అక్కడ స్థిరపడిన హనుమాండ్ల ఝాన్సీరెడ్డి పోటీకి పౌరసత్వం అడ్డొస్తే, కోడలు యశస్వినీరెడ్డి నిలబడి అప్పటి మంత్రి ఎర్రబెల్లి దయాకర్‌రావుపై గెలిచారు. భూమి పట్టా ఎవరి పేరున ఉందన్నది చాకలి ఐలమ్మ పోరాడిన గడ్డకు పాత ప్రశ్నే. బ్యాంకు పాస్‌బుక్కు ఎవరి పేరున ఉందన్నది మాత్రం వలసతోనే వచ్చింది.

తొలి దశ

1959లో వరంగల్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, కాకతీయ వైద్య కళాశాల వచ్చాయి. 1965లో అమెరికా వలస చట్టాన్ని సడలించింది. చదువుకున్నవారు అటు కదిలారు. 1973 తర్వాత చమురు ధర పెరగడంతో ఉత్తర తెలంగాణ కూలీలు, మేస్త్రీలు గల్ఫ్ బాట పట్టారు. డబ్బు డ్రాఫ్టుగానో, హవాలా మనిషి చేతిమీదుగానో ఇల్లు చేరేది. విదేశీ మారకంపై 1947 నాటి నియంత్రణలను 1973 చట్టం ఇంకా బిగించింది. ప్రవాసుల పొదుపును రాబట్టడానికి 1970లో ఎన్‌ఆర్‌ఈ ఖాతా మొదలైంది. ఆ ఏర్పాటు దేశానికి డాలర్లు తేవడం కోసం పుట్టింది తప్ప ఇంటి దగ్గరి ఇల్లాలి కోసం కాదు. అందుకే ఊళ్లో ఉండే భార్యకు అందులో ఉమ్మడి ఖాతాదారుగా చోటు దక్కడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

అంతకాలం ఇళ్లు ఎలా నడిచాయి? ముందే సంతకం చేసి బీరువాలో పెట్టిన చెక్కులతో, తర్వాత్తర్వాత భార్య చేతికిచ్చిన ఏటీఎం కార్డుతో. కార్డు, పిన్ను ఇతరులకు ఇవ్వకూడదని బ్యాంకు చెబుతూనే ఉంటుంది, ఊరు వినదు. చట్టబద్ధమైన దారి అధికారపత్రం (పవర్ ఆఫ్ అటార్నీ). దానితో భార్య ఇక్కడి ఖర్చులకు తీసుకోవచ్చు, ఖాతాదారుకే తిరిగి పంపవచ్చు. అయితే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోంచి భర్త తరఫున ఇక్కడివారికి కానుకగా ఇవ్వలేదు, మరో ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోకి మార్చలేదు. భర్త చనిపోయిన క్షణానే ఆ అధికారం పోతుంది. ఈ చివరి సంగతి చాలా ఇళ్లలో అవసరం పడ్డాకే తెలుస్తుంది.

2000 జూన్ 1న 1973 చట్టం స్థానంలో కొత్త విదేశీ మారక చట్టం ఫెమా అమల్లోకి వచ్చింది. 2011 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, ఇక్కడ ఉంటున్న దగ్గరి బంధువును ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఉమ్మడిగా చేర్చుకోవచ్చని అంగీకరించింది. షరతు ఏమిటంటే, మొదటి వ్యక్తి బతికున్నంతకాలం రెండోవారు అధికారపత్రం ఉన్న ప్రతినిధి మాత్రమే. పేరు చేరినా చేతికి వచ్చిన స్వేచ్ఛ తక్కువే. దీనికి ఎదురు దారి 2014 జనవరిలో సులువైంది. ఊళ్లో ఉన్న భార్య తన ఖాతాలో ఎన్నారై భర్తను చేర్చుకుంటే, ఇద్దరిలో ఎవరైనా నడపవచ్చు. రోజువారీ సంసారానికి ఇదే నయం.

నామినీ, వారసురాలు

బ్యాంకు డిపాజిట్లకు నామినీని పెట్టుకునే వీలు 1985 మార్చి 29 నుంచి ఉంది. నామినీ అయితే డబ్బు తనదేనన్న నమ్మకం దానితోపాటే పాతుకుపోయింది. నామినీ సొమ్ము అందుకోవడానికే తప్ప యజమాని కాదని సుప్రీంకోర్టు 1983లో సర్బతీ దేవి కేసులో బీమా విషయంలో, 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో బ్యాంకు ఖాతా విషయంలో తేల్చింది. పెళ్లికి ముందు ఖాతా తెరిచిన కుర్రవాడు తల్లి పేరు రాసి, పెళ్లయ్యాక మార్చకపోతే బ్యాంకు డబ్బు తల్లికే ఇస్తుంది. భార్య తన వాటాను అత్త దగ్గర అడిగి తీసుకోవాలి. 2025 నవంబరు 1 నుంచి ఒక్కో ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. యజమాని ఎవరన్న సూత్రం మాత్రం మారలేదు.

గల్ఫ్ ఖాతాలు

యూఏఈలో 2009లో వేతన రక్షణ వ్యవస్థ వచ్చాక కూలీల జీతం కూడా బ్యాంకు, ఎక్స్ఛేంజి కార్డుల ద్వారానే పడసాగింది. దాంతో మనిషి అక్కడ చనిపోతే, కొంతైనా సొమ్ము అక్కడే చిక్కుకునే పరిస్థితి ఏర్పడింది. మరణవార్త అందగానే బ్యాంకు ఖాతాను స్తంభింపజేస్తుంది, వారసులెవరో కోర్టు చెప్పాలి. ఇక్కడి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఒక్కటే చాలదు. విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ రాయబార కార్యాలయ ముద్ర, అరబ్బీ అనువాదం కావాలి. ఉమ్మడి ఖాతాల విషయంలో 2023 జనవరిలో అమలైన వాణిజ్య చట్టం కొంత ఊరట ఇచ్చింది: మృతుని వాటా మేరకే నిలుపుదల.

ముస్లిమేతరుల కోసం 2023 ఫిబ్రవరి 1న అక్కడ అమలైన కొత్త చట్టం ఇంకో చిక్కు తెచ్చింది. వీలునామా లేకుంటే సగం భార్యకు, సగం పిల్లలకు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమైతే భార్య, పిల్లలు, తల్లి సమానంగా పంచుకుంటారు. పాలకుర్తి ఇంట్లో కూర్చున్న అత్తకు ఒక చట్టంలో వాటా ఉంది, మరోదానిలో లేదు. తమ దేశపు చట్టాన్నే వర్తింపజేయమని వారసులు కోరే వీలుంది కనుక, దుబాయ్ ఖాతా మీద తగవు పాలకుర్తిలోనే మొదలుకావచ్చు. తేలాక వచ్చిన సొమ్మును భార్య అక్కడే ఉంచుకున్నా తప్పు కాదు. విదేశంలో ఉన్నవారి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తిని అట్టే పెట్టుకోవడానికి ఫెమా ఒప్పుకుంటుంది.

యజమాని నుంచి రావలసిన బకాయిలు, పరిహారం దారి వేరు. వాటిని భారత రాయబార కార్యాలయం రాబట్టి, కలెక్టరు ద్వారా వారసులకు అందజేస్తుంది. గల్ఫ్‌లో మరణించిన వారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024లో మొదలుపెట్టింది.

అమెరికా ఖాతాలు

భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్‌-4 వీసాపై వెళ్లిన భార్యకు చాలాకాలం ఉద్యోగం లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. ఆ నంబరు లేకుండా ఖాతా తెరవరన్న మాట తెలుగువారిలో బాగా ప్రచారంలో ఉంది. 2003 నుంచి ఉన్న గుర్తింపు నిబంధనల్లో మాత్రం విదేశీయుల పాస్‌పోర్టు నంబరును బ్యాంకులు స్వీకరించే వీలుంది. ఆచరణ బ్యాంకును బట్టి మారుతుంది. 2015 మే 26 నుంచి గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారి జీవిత భాగస్వాములకు పని అనుమతి దొరకడంతో సొంత ఖాతాలు పెరిగాయి. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో పెళ్లయ్యాక సంపాదించినది ఇద్దరిదీ. అయినా ఒక్కరి పేరున ఉన్న ఖాతాను రెండోవారు నడపలేరు.

ఇక్కడి ఖాతాల సంగతికొస్తే, విదేశీ పౌరులైన భార్య లేదా భర్త విషయంలో భారత నిబంధనలు మొదటినుంచీ కాస్త ఉదారమైనవి. 2000 నాటి డిపాజిట్ నిబంధనలు భారత పౌరుల విదేశీ జీవిత భాగస్వాములను కూడా భారత సంతతి వ్యక్తుల కిందే లెక్కగట్టాయి. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు ఈ వెసులుబాటు లేదు.

కాపురం చెడినప్పుడు 2006 అక్టోబరు 26న అమలైన గృహహింస చట్టం అక్కరకొస్తుంది. భర్త ఒక్కడి పేరున ఉన్న ఖాతాను కూడా అతను కదపకుండా మేజిస్ట్రేటు ఆపగలడు. జనగామలో వచ్చిన ఆదేశం హైదరాబాదు బ్యాంకును కట్టడి చేస్తుంది, డాలస్ బ్యాంకును కాదు. డబ్బు చెల్లించమని ఇక్కడి సివిల్ కోర్టు ఇచ్చిన డిక్రీల సంగతి కొంత వేరు. 2020 జనవరిలో భారత్ యూఏఈని పరస్పర అమలు జాబితాలో చేర్చింది. అమెరికా ఆ జాబితాలో లేదు, ఇక్కడి డిక్రీని గుర్తించాలా వద్దా అన్నది అక్కడి కోర్టే తేలుస్తుంది.