కలలో నడిగిన కృతి

మహాకార్యమునకు పూనుకొనుటకు ముందు దైవాభిమతము నెఱుఁగఁగోరుట తెలుఁగునాట నన్ని వర్గములవారికిని నలవాటే. దేవతామూర్తిపై పూవు నుంచి, యది యే ప్రక్కకు రాలునోయని వేచియుండిన గ్రామవృద్ధులు తమ సందేహమును గాని, పొందిన సమాధానమును గాని వ్రాసియుంచలేదు, వ్రాసియుంచినవారు కవులు. వారి కావ్యావతారికలే యీ యాచారమునకు మనకు మిగిలిన చరిత్ర.

సాధారణముగ నవతారికలో రాజో, శ్రీమంతుఁడో కవిని పిలిపించి, యాతని పూర్వకృతులను మెచ్చి, తనకొక కావ్యము నంకితమిమ్మని కోరును. శ్రీనాథుఁడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టియను వర్తకున కిచ్చెను. రాజుండవలసిన చోట దేవుఁడే యుండి యడిగినపుడు కొలువుకూటమునకు బదులు స్వప్నము వచ్చును.

13వ శతాబ్దిలో నెల్లూరి మనుమసిద్ధికి మంత్రియైన తిక్కన తన నిర్వచనోత్తరరామాయణమును ఆ ప్రభువునకే యిచ్చియుండెను. అంతకు రెండువందల యేండ్లకు ముందు నన్నయ భారతమును రాజరాజనరేంద్రుని కోరికపై నారంభించెను. కావున విరాటపర్వము మొదలు 15 పర్వములు రచింపఁబూనిన తిక్కనకు, లోకమర్యాదను బట్టి, కృతిపతి యింటనే యున్నట్లు. అయినను భారతమును నరున కొప్పగింప నాతని మనసొప్పలేదనియు, కొలిచిన ప్రభువును కాదనుటయు సులభము కాలేదనియు నా యూహ. అప్పుడు స్వర్గస్థుఁడైన తండ్రి కొమ్మన కలలోఁ గనఁబడి హరిహరనాథుని యనుగ్రహమును తెలిపెను; పిమ్మట నా దేవుఁడే సాక్షాత్కరించి కృతి నడిగెను. దేవునికంటె ముందు తండ్రి వచ్చుట నాకు మిక్కిలి సహజముగఁ దోఁచును. శైవవైష్ణవులు కలహించుకొను కాలమున, హరియు హరుఁడును నొక్కటియైన మూర్తి యడుగుటయుఁ గమనింపఁదగినదే.

15వ శతాబ్దిలో పోతన చంద్రగ్రహణవేళ గంగలో స్నానమాడి మహేశ్వరుని ధ్యానించుచుండఁగా, కన్నుల యెదుట నిలిచి భాగవతమును తెనిఁగింపుమన్నవాఁడు రామచంద్రుఁడు. పిలిచినది యొకరిని, పలికినవారు వేఱొకరు. పోతన దాని కించుకయు వెఱగుపడలేదు.

16వ శతాబ్ది తొలిపాదమున కృష్ణదేవరాయలు కళింగముపై దండెత్తిపోవుచు, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున నాంధ్రవిష్ణువును సేవించి, యేకాదశి యుపవాసముండి, యా రాత్రి నాల్గవ జామునఁ గలఁగాంచెను. సంస్కృతమున మదాలసచరిత్రాదులు రచించిన యా రాజును గోదాదేవి పరిణయమును తెలుఁగునఁ జెప్పుమనియు, వేంకటేశ్వరున కంకితమిమ్మనియు దేవుఁ డాజ్ఞాపించెను. అంతటి ప్రభువును మేల్కాంచినంతనే గంటము పట్టలేదు; కొలువుదీర్చి, విద్వాంసులకు ఆ స్వప్నమును వినిపించి, వారి మాట విన్న పిదపనే కార్యమునకుఁ గడంగెను. దేవుని యాజ్ఞనైనను పెద్దలతో సరిచూచుకొనిన యీ పద్ధతియే నాకుఁ బూజ్యము.

ఈ కలలన్నియుఁ గవిసమయములేయని కొందఱందురు. తరువాతి కవులలోఁ బలువురి కలలు వట్టి యనుకరణములనుటకు నాకు నాక్షేపణ లేదు. తిక్కన విషయమున మాత్ర మీ వాదము నిలువదు: కలను కేవల మలంకారముగ వాడుకొనువాఁడు, దానికొఱకు ఎదుటనున్న రాజును విడిచిపెట్టఁడు. ఆ 15 పర్వములును హరిహరనాథునకే చెల్లినవి. మనుమసిద్ధికి దక్కినది రామాయణ మొక్కటియే.